రెండో బ్రేకు

"క్లచ్ ఎక్కడుంది మాస్టారూ?"

కొత్త స్టూడెంట్ అమాయకంగా అడిగిన ఆ ప్రశ్నకి మాస్టారి దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అప్పటికి అయిదు నిమిషాలుగా అతను వెతుకుతున్నది కూడా దాన్నే.

డ్రైవింగ్ స్కూల్లో అతనంత సీనియర్ ఇంకొకరు లేరు. కళ్ళకి గంతలు కట్టినా గేర్లు మార్చగలడని పేరు. అలాంటివాడిని ఆ సోమవారం పొద్దున్నే ఓనరు పిలిచి, తెల్లగా తళతళలాడుతున్న ఒక కొత్త ఎలక్ట్రిక్ కారు చూపించి, "ఇవాళ్టి నుంచి ఇందులో నేర్పు" అని తాళం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తాళం అంటే తాళం కూడా కాదు, సబ్బుబిళ్ళలా ఉంది. దాన్ని ఎక్కడ గుచ్చాలో తెలియక మాస్టారు కాసేపు జేబులో పెట్టుకున్నాడు.

"క్లచ్చా? ఉండదు," అన్నాడు, ఆ సంగతి తనే కనిపెట్టినట్టు.

"మరి గేర్లు?"

"అవీ ఉండవు. మీకు తెలుసో లేదో చూద్దామని చెప్పలేదు."

"ఓహో," అందామె. పెదవి చివర ఏదో మెరిసి మాయమైంది. "వెళ్దామా మరి?"

కారు చప్పుడు లేకుండా కదిలింది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడినుంచో టింగ్‌మని గంట మోగి, కారు ఆగింది.

"ఏమిటది?" అంది ఆమె.

"మీ సీటు బెల్టు సరిగ్గా పడలేదేమో."

బెల్టు సరిగ్గానే పడింది. కారు మళ్ళీ కదిలింది. మలుపు దగ్గర ఎదురుగా స్కూటరు. టింగ్. పూలకుండీల షాపు ముందు ఎవరో రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డారు. టింగ్. ఖాళీ రోడ్డు మీద ఒక కాగితం ఎగురుకుంటూ వచ్చింది. టింగ్ టింగ్.

"మాస్టారూ, ఇది కారా, ఐస్‌క్రీమ్ బండా?"

"కంపెనీవాళ్ళ లోపం. ఓనరుగారికి చెప్తాను."

ఆమె కారుని మెల్లగా పక్కకి తీసి ఆపింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అంత మెత్తగా ఆపలేరు. ఆ సంగతి అతనికి అప్పుడైనా తట్టాల్సింది. తట్టలేదు.

"ఆ గంట ఎందుకు మోగుతోందో నిజంగా తెలీదా?"

"చెప్పాను కదా, లోపం."

"మీ వైపున్న బ్రేకు తొక్కినప్పుడల్లా మోగుతుంది. ఒకసారి కిందకి చూడండి."

చూశాడు. నేర్పేవాడు అవసరానికి వాడుకోవడానికని డ్రైవింగ్ స్కూలు కార్లలో పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. అతని కుడికాలు, పాలగిన్నెలో మూతిపెట్టి దొరికిపోయిన పిల్లిలా, దాని మీదే ఉంది. ఎప్పుడు వెళ్ళి కూర్చుందో అతనికి తెలియదు. అసలు దాన్ని పంపినట్టే గుర్తులేదు.

"నేను తొక్కలేదండీ," అన్నాడు మాస్టారు, కాలు తనది కానట్టు.

వెనక్కి వచ్చేసరికి ఓనరు గుమ్మంలో ఎదురొచ్చాడు. "ఏమ్మా, ఎలా ఉన్నాడు మా సీనియరు? పాపం, నువ్వు స్టూడెంటువనే అనుకున్నాడా?" అని గట్టిగా నవ్వి, మాస్టారి భుజం తట్టాడు. "ట్రైనర్ మేడమ్‌గారయ్యా. కొత్త కార్ల కోసం నేనే పిలిపించాను. పాతవి అమ్మేస్తున్నాం."

"అన్నీనా?" అన్నాడు మాస్టారు. పాత కారు గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే, అతనికి సొంత మోకాలి మీద వేసుకున్నట్టుండేది.

"అన్నీ. నెలాఖరులో మేడమ్ నీకు పరీక్ష పెడతారు. ఆవిడ సరేనంటే పక్క సీటు నీది. కాదంటే కౌంటరులో కూర్చుని ఫోన్లు ఎత్తడం."

"నేనా? ఫోన్లా?"

"నీ గొంతు బాగుంటుందిలే."

మేడమ్ చేతులు కట్టుకుని నేల చూస్తోంది. నవ్వు ఆపుకోవడానికి అంత కష్టపడుతున్న మనిషిని అతను అంతకుముందెప్పుడూ చూడలేదు.

*

ట్రైనింగ్ అంటే ఏమిటో మర్నాడు తెలిసింది. ఆవిడ నడుపుతుంది. అతను పక్కన కూర్చుంటాడు. అంతే. కుడికాలు సీటు కిందకి మడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫొటో తీయించుకునే పెళ్ళికొడుకులా బుద్ధిగా కూర్చోవాలి.

"తొక్కాలనిపిస్తే ముందు నోటితో చెప్పండి మాస్టారూ. కాలు కాదు, నోరు."

"నోరు తెరిచేలోపు గుద్దేస్తే?"

"గుద్దరు. మీకు ప్రమాదం కనపడి తొక్కడం లేదు. కనపడుతుందేమోనని తొక్కుతున్నారు."

"ముందుజాగ్రత్త అంటారండీ దాన్ని."

"కాగితం ముక్క వచ్చి మనల్ని గుద్దేస్తుందా?"

మాస్టారు కాలుని ఇంకాస్త లోపలికి మడిచాడు.

అసలు ముందుజాగ్రత్త విషయంలో మాస్టారిని మించినవాడు ఆ ఇలాకాలోనే లేడు. కొత్త ఫోను కొనమంటే, ఇప్పుడెందుకు, ఇది పనిచేస్తోందిగా. ఇంటికి రంగు మారుద్దామంటే, ఇప్పుడెందుకు, వానలు పోనీ. పెళ్ళి సంబంధం వస్తే, ఇప్పుడెందుకు. వానలు పోయాయి, సంబంధాలూ పోయాయి. ముప్ఫై నాలుగేళ్ళ జీవితంలో అతను ఒక్క యాక్సిడెంటు చేయలేదు. నిజానికి ఆ జీవితం రోడ్డు మీదకి వస్తేగా.

"నువ్వు పుట్టేటప్పుడు కూడా డాక్టరు చెప్పిన తారీకు దాటిపోయాక తీరిగ్గా వచ్చావురా," అనేది అమ్మ. "నాకప్పుడే అర్థం కావలసింది."

ఇంట్లో ఉండేది ఇద్దరే. రిటైరైన టీచరమ్మకి కొడుకే ఆఖరి విద్యార్థి, అందరికన్నా మొద్దు విద్యార్థి కూడా. ఈ మధ్య ఆవిడ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తోంది. కొత్త బూట్లు కూడా కొనుక్కుంది. వచ్చాక ముఖం వెలిగిపోతూ ఉండేది. వాకింగ్ అంత మంచిదా అనుకున్నాడే తప్ప ఇంకేం అనుమానించలేదు.

ఒక సాయంత్రం కాఫీ ఇస్తూ అడిగింది. "ఆ ట్రైనరమ్మాయి ఎలా ఉంటుందిరా?"

"పొగరు."

"బుద్ధి సంగతి కాదు. చూడ్డానికి?"

"చూళ్ళేదమ్మా."

"రోజూ పక్కనే కూర్చుని?"

"రోడ్డు చూడాలి కదా."

"అదీ నిజమే. చెవులకి ఏం పెట్టుకుంటుంది?"

"చిన్న వెండి రింగులు. ఎడమవైపు దాని కొక్కెం కాస్త వదులు. కారు గుంతలో పడ్డప్పుడల్లా అది…" మాస్టారు ఆగాడు.

అమ్మ చటుక్కున వెనక్కి తిరిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

పక్క సీటువాడికి మనిషి ఎప్పుడూ సగమే కనపడుతుంది. ఒక చెవి, ఒక చెంప, నవ్వులో సగం. మిగతా సగం రోడ్డుకి అంకితం. ఆ మిగతా సగం ఎలా ఉంటుందో ఆలోచిస్తూ మాస్టారు చేతిలోని కాఫీలో పంచదార లేదన్న విషయం కూడా గమనించలేదు. ముందుజాగ్రత్తపరుడికి ఇది చాలా ప్రమాదకరమైన పరిస్థితి. ఇక్కడ తొక్కడానికి ఏ బ్రేకూ కనపడలేదు.

*

గట్టి దెబ్బ డాక్టరుగారి రూపంలో తగిలింది.

డాక్టరుగారంటే పళ్ళ డాక్టరు. మాస్టారి దగ్గర చాలాకాలంగా నేర్చుకుంటున్నాడు. క్లాసులో బ్రహ్మాండంగా నడుపుతాడు. లైసెన్సు టెస్టుకి వెళ్తే మాత్రం ఫెయిల్. మళ్ళీ వెళ్తే మళ్ళీ ఫెయిల్. టెస్టు ఆఫీసర్ని చూస్తే భయమని ఆయన, అదే కారణమని మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చేశారు.

ఆ రోజు డాక్టరుగారు మొదటిసారి కొత్త కారు ఎక్కాడు. మేడమ్ వెనక సీట్లో కూర్చుంది.

సిగ్నల్ దగ్గర కారు చక్కగా గీతకి ముందే ఆగింది. టింగ్.

"భలే ఆపాను కదా!" అన్నాడు డాక్టరుగారు. "ఈ గంటేమిటి, మెచ్చుకోడానికా?"

మాస్టారు కిటికీలోంచి బయటకి చూశాడు. వెనక నుంచి మేడమ్ ఆ గంట దేనికో మర్యాదగా చెప్పింది.

డాక్టరుగారు చాలాసేపు స్టీరింగు వైపు చూస్తూ ఉండిపోయాడు. సిగ్నల్ మారింది. మళ్ళీ ఎర్రబడింది.

"ఆగండాగండి. అంటే ఇప్పుడు కారు ఆపింది నేను కాదా?"

"ఇద్దరం కలిసి," అన్నాడు మాస్టారు సన్నగా.

"ఇప్పుడేనా, ఇన్నాళ్ళూనా?"

మాస్టారు సరిగ్గానే ఉన్న సీటు బెల్టుని మళ్ళీ సరిచేసుకున్నాడు.

"అందుకా టెస్టులో అది ఆగదు! ఆఫీసరు తొక్కడు కాబట్టి! ఆ కారులో బ్రేకులు పోయాయని మా ఆవిడతో చెప్పాను మాస్టారూ. ఆఫీసు మీద కంప్లయింటు పెడదామనుకున్నాను!" డాక్టరుగారు స్టీరింగు వదిలేసి ఇటు తిరిగాడు. "నేను పన్ను పీకుతుంటే పక్కనుంచి మీరొచ్చి ఇంకో పటకారుతో లాగేసి, 'ఆహా డాక్టరుగారూ, ఎంత బాగా పీకారు' అంటే ఎలా ఉంటుంది? చెప్పండి, ఎలా ఉంటుంది?"

ఎలా ఉంటుందో మాస్టారికి ఆ క్షణంలో బాగా తెలిసింది. మత్తుమందు లేకుండా పీకినట్టుంది.

ఆయన్ని దింపేశాక, షెడ్డులో కారు పక్కన నిలబడి, అతను మేడమ్‌ని అడిగాడు. ఈసారి వాదించడానికి కాదు.

"నేను ఇన్నాళ్ళూ వాళ్ళకి డ్రైవింగ్ నేర్పలేదా?"

ఎగతాళి చేయడానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు. అయినా ఆమె చేయలేదు.

"నేర్పారు," అంది నెమ్మదిగా. "ఆగడం తప్ప అన్నీ నేర్పారు. అదొక్కటీ వాళ్ళ బదులు మీరే చేసిపెట్టారు."

"చెడ్డవాణ్ణేం కాదుగా?"

"చెడ్డవాళ్ళయితే నాకు పని తేలిక మాస్టారూ. మీరు మంచివాళ్ళు. అదే తంటా."

మర్నాటి నుంచి మాస్టారు కాలుని సీటు కిందకి తోసి, నోటికి పని చెప్పాడు. అతి చేయడం అతని స్వభావం కాబట్టి అందులోనూ అతే. "డాక్టరుగారూ ముందు ఆటో, ఆటో ఎడమకి వస్తుందేమో, రాలేదు, మంచిది, ఎదర కుక్క, కుక్క పడుకుంది, లేస్తుందేమో, లేవలేదు, ధన్యవాదాలు…" సాయంత్రానికి గొంతు పోయింది. ఎవరితో ఏం చెప్పాలన్నా సైగలే.

"కౌంటరులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం కూడా పోయేలా ఉందే," అంది మేడమ్, అతనికి వేడినీళ్ళ గ్లాసు అందిస్తూ. వేళ్ళు తగిలాయి. గ్లాసు వేడిదో, ఇంకేదో, అతను తేల్చుకోలేకపోయాడు.

మెల్లగా మాటలు తగ్గాయి. అవసరమైనవే మిగిలాయి. డాక్టరుగారు తన బ్రేకు తానే తొక్కడం మొదలుపెట్టాడు. మొదట్లో కారులో ఉన్నవాళ్ళ తలలన్నీ ఒకేసారి ముందుకి వంగి లేచేవి, ఏదో సంఘానికి నమస్కారం పెడుతున్నట్టు. తర్వాత అదీ తగ్గింది.

ఆయన టెస్టు పాసైన రోజు స్కూల్లో అందరికీ తలో టూత్‌బ్రష్షు పంచాడు. మాస్టారికి మాత్రం రెండు ఇచ్చాడు.

"ఒకటి మీకు. ఒకటి ఎవరికివ్వాలో మీకే తెలుసు," అని మేడమ్ వైపు కన్ను గీటి వెళ్ళిపోయాడు. ప్రేమలో టూత్‌బ్రష్షు రాయబారం పంపినవాడు ప్రపంచంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. మాస్టారు దాన్ని ఇవ్వనూ లేదు, పారేయనూ లేదు.

*

అదే సాయంత్రం వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, రోడ్డు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన వాన. మేడమ్ కారుని ఒక గోడౌన్ గోడ పక్కకి తీసి ఆపింది. వైపర్లు ఆపేసింది. బయట ప్రపంచమంతా నీళ్ళలో కరిగి కారిపోయింది.

నడపడం లేదు కాబట్టి ఆమె ఇటు తిరిగి కూర్చుంది. మొదటిసారి అంత దగ్గరగా మాస్టారికి ముఖం మొత్తం కనిపించింది. ఊహించుకున్న రెండో సగం చాలా తప్పుగా ఊహించుకున్నానని అతనికి అర్థమైంది. అసలుది ఇంకా బాగుంది.

వాన. అద్దాల మీద ఆవిరి. ఎదురుగా ఆమె. ఇంతకంటే మంచి సమయం పంచాంగం చూసి పెట్టించినా దొరకదు. చెప్పేద్దాం అనుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు.

"మీతో ఒక మాట చెప్పాలి," అంది ఆమె.

ఊపిరి అక్కడే ఆగింది. "చెప్పండి."

"ఓనరుగారు పక్క ఊళ్ళో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. నన్ను మేనేజరుగా వెళ్ళమంటున్నారు. ట్రైనర్‌గా ఊరూరూ తిరగడం అయిపోయింది. అది నాదే అనుకోవచ్చు, మొత్తం నా ఇష్టప్రకారం నడపొచ్చు. ఎప్పటినుంచో అనుకుంటున్నది." ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ఏమంటారు?"

మాస్టారి బుర్రలో ఎన్నో మాటలు పుట్టాయి. అభినందనలు అన్న మాట కూడా పుట్టింది. నోట్లోంచి మాత్రం ఎప్పుడూ వచ్చేదే వచ్చింది.

"ఇప్పుడెందుకు?"

ఆమె కళ్ళలో మెరుపు పోయింది.

"టింగ్," అంది.

"అది కాదు మేడమ్. ఆ ఊళ్ళో ఎలా ఉంటుందో, స్టూడెంట్లు వస్తారో రారో, ఇక్కడయితే అంతా అలవాటయింది కదా, ఇంకో ఏడాది చూసి…"

"టింగ్ టింగ్ టింగ్." ఈసారి గొంతులో సరదా లేదు. "నేను ఇక్కడ ఉండిపోవాలనడానికి మీ దగ్గర కారణముంటే ఆ కారణం చెప్పండి. వింటాను. కారణం దాచుకుని బ్రేకు మాత్రం వేయకండి."

వాన కారు పైకప్పు మీద గట్టిగా కొడుతోంది. కారణం అతని గొంతు దాకా వచ్చింది. గొంతు దగ్గర మలుపు. మలుపు తర్వాత ఏముందో కనపడలేదు. ఆగిపోయింది.

"కారణమేం లేదు," అన్నాడు.

ఆమె తల ఊపి, ముందుకి తిరిగి, వైపర్లు వేసింది. మళ్ళీ ఒక చెవి, ఒక చెంప. నవ్వులో సగం కూడా లేదు. తన వీధి మలుపులో దిగి, కారు అతనికి వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అద్దంలో తన ముఖం చూసుకుని మాస్టారు చాలా మర్యాదగా చెప్పుకున్నాడు. "నీలాంటి వెధవకి లైసెన్సు ఇచ్చినవాణ్ణి పట్టుకుని తన్నాలి."

*

పరీక్ష రోజు వచ్చింది. నియమం ఒకటే. మేడమ్ తెచ్చిన లెర్నరుతో ఊరంతా ఒక చుట్టు తిరిగి రావాలి. అక్కర్లేకుండా గంట మోగిందా, కౌంటరే గతి. వాన రోజు తర్వాత ఆమె అతనితో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. వచ్చేవారమే ఆమె ప్రయాణమని ఓనరు నోటి మీదుగా తెలిసింది.

"లెర్నరు ఎవరండీ?"

"వస్తున్నారు."

గేటు తీసుకుని వచ్చింది అమ్మ. వాకింగ్ బూట్లు వేసుకుని, జడ బిగించి, పరీక్ష హాల్లోకి పిల్లల్ని తీసుకెళ్ళే టీచరులా గంభీరంగా.

"అమ్మా! ఏమిటి, ఇంట్లో ఏమైంది?"

"ఏం కాలేదు. జరుగు, అది నా సీటు." డ్రైవరు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

మాస్టారు మేడమ్ వైపు చూశాడు. అమ్మ వైపు చూశాడు. బూట్ల వైపు చూశాడు. "వాకింగ్?"

"కారు దాకా నడిచేదాన్నిగా. నిన్నడిగితే ఇప్పుడెందుకంటావని ఈ అమ్మాయి దగ్గరికి వెళ్ళా."

అమ్మని స్టూలెక్కి బూజు కూడా దులపనివ్వని కొడుకు అతను. ఇప్పుడు ఆవిడ చేతుల్లో ఒక కారు, ఆ కారులో తను, వెనక సీట్లో తన ఉద్యోగమూ, మనసూ కలిపి ఒక మనిషిగా కూర్చుని ఉన్నాయి.

"మొదలుపెట్టండి," అంది వెనకనుంచి మేడమ్.

అమ్మ గేటు దాటింది. మాస్టారి కుడికాలు లేచింది. ఎడమకాలితో దాన్ని తొక్కిపట్టాడు. బజారు వచ్చింది. "అమ్మా, కుడివైపు రిక్షా," అన్నాడు. "చూశాన్రా." సర్కిల్ వచ్చింది. "వాళ్ళని పోనీ అమ్మా." "పోనిస్తున్నాగా, గొణక్కు." ఎత్తు వచ్చింది, దిగుడు వచ్చింది. లారీ ఒకటి పక్కనుంచి హోరుమని పోయింది. అతని చొక్కా తడిసిపోయింది. గంట మాత్రం మోగలేదు. అమ్మ తన చేత్తో, తన కాలితో, ఎవరి దయా లేకుండా, కారుని ఆపుతోంది, కదుపుతోంది. పక్కనుంచి చూస్తున్న కొడుక్కి గర్వంతో కడుపు నిండిపోయింది. ఇన్నేళ్ళూ ఈవిడకి ఏం చేతకాదని ఎవరు చెప్పారసలు?

అప్పుడు జరిగింది.

రోడ్డు వారగా ఆగి ఉన్న వ్యాను తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. దాన్ని తప్పించుకోబోయిన సైకిలతను నేరుగా వీళ్ళ ముందుకి వచ్చి పడ్డాడు. సరిగ్గా అదే క్షణంలో అమ్మ అద్దంలో వెనకవైపు చూస్తోంది.

చెప్పే సమయం లేదు. మాస్టారి కాలు వెళ్ళింది.

టింగ్.

కారు గట్టిగా ఆగింది. సైకిలతను జానెడు దూరంలో తూలి, నిలదొక్కుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ స్టీరింగుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అయిపోయింది, అనుకున్నాడు మాస్టారు. హలో, నమస్కారం, డ్రైవింగ్ స్కూలండీ, ఎవరు కావాలండీ. గొంతు సవరించుకోవడమే మిగిలింది. అయినా ముందు అమ్మ సంగతి చూడాలి.

"పర్లేదమ్మా. నీ తప్పు కాదు. ఊపిరి తీసుకో. అద్దం చూడు. కదులు."

"నువ్వు పట్టుకుంటావా?"

"నువ్వే నడుపు. నేను పక్కనే ఉన్నా."

అమ్మ కదిలింది. మొదట భయంభయంగా, తర్వాత మళ్ళీ మామూలుగా. పెద్ద కూడలిలో ఎర్రలైటు పడితే గీతకి ముందే మెత్తగా ఆపింది.

మాస్టారు సీట్లో వెనక్కి తిరిగాడు. ఉద్యోగం ఎలాగూ పోయింది. పోవడానికి ఇక మిగిలింది ఒక్కటే. విచిత్రంగా, దాంతో భయం కూడా పోయింది.

"మేడమ్, నేను ఫెయిలని నాకు తెలుసు. మీరు చెప్పక్కర్లేదు. నేనొకటి చెప్పాలి."

"మాస్టారూ, ముందు…"

"ఆపకండి, ఇది మళ్ళీ స్టార్టవదు. మీరు ఆ ఊరు వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. ఆ రోజు వద్దన్నదానికి కారణం ఉంది. మీరంటే నాకిష్టం. చాలా. మీ చెవిరింగు వదులైతే నాకు నిద్రపట్టనంత. కానీ అది నా కారణం, మీది కాదు. అందుకోసం మీరు ఆగక్కర్లేదు. మీకిష్టమైతే నేనే అక్కడికి వస్తాను. అక్కడ కూడా ఫోన్లు ఎత్తేవాళ్ళు కావాలిగా."

పచ్చలైటు పడింది. కారు కదల్లేదు.

"అమ్మా, గ్రీన్."

"ఉండరా. ఆ అమ్మాయి ఏదో చెప్పబోతోంది."

వెనక హారన్లు మొదలయ్యాయి. మేడమ్ ముఖం ఎర్రబడింది. ఈసారి మొత్తం ముఖం, రెండు సగాలూ.

"ముందు ఆఫీసు సంగతి," అంది. "మీరు ఫెయిలని ఎవరన్నారు? ఆ సైకిలు దగ్గర తొక్కకపోయి ఉంటే ఫెయిల్ చేసేదాన్ని. ఆ బ్రేకు ఉన్నది అందుకే. అక్కడ తొక్కారు, ఆ తర్వాత ఆంటీకే వదిలేశారు. అంతకన్నా నేనెవరికీ నేర్పలేను. పాస్."

"రెండో సంగతి?" అంది అమ్మ అద్దంలోంచి.

"రోజూ చీకటితో లేచొచ్చి మీకు పాఠాలు చెప్పాను కదా ఆంటీ. మీరు క్లచ్ లేని కారు నేర్చుకోవడానికి అన్ని రోజులు పడుతుందా? సగం టైము మీ అబ్బాయి కబుర్లే అడిగేదాన్ని."

"సగం కాదు, ముప్పాతిక," అంది అమ్మ.

మాస్టారికి ఆ మాటలు బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక, ముఖంలోకి వచ్చిన నవ్వుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దగ్గాడు. "అంటే… వస్తే అభ్యంతరం లేదన్నమాట?"

"అక్కడ మేనేజర్ని నేను. ఆలస్యంగా వస్తే జీతం కోస్తాను."

"మరి నువ్వమ్మా? ఒక్కదానివే…"

"నాకేమిట్రా? కాళ్ళు బారజాపుకుని కూర్చుంటా. చూడాలనిపిస్తే లైసెన్సు వచ్చాక నేనే వస్తా. పక్క ఊరేగా." వెనక ఎవరో కిటికీలోంచి తల బయటపెట్టి అరిచారు. అమ్మ కూడా కిటికీలోంచి తల బయటపెట్టింది. "వెళ్తున్నాం నాయనా! ఇక్కడ మా అబ్బాయి పెళ్ళి కుదురుతోంది!"

కారు కూడలి దాటింది. స్కూలుకి వెళ్ళే రోడ్డు పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయింది.

"అమ్మా, స్కూలు అటు. ఇటెక్కడికి?"

"ఈ అమ్మాయి వాళ్ళింటికి. వాళ్ళ నాన్నగారితో మాట్లాడొద్దూ? దారి చెప్పు తల్లీ."

"ఇప్పుడా?" వెనక సీట్లోంచి మేడమ్ కెవ్వుమంది. "ఆంటీ, మా నాన్న ఈ టైములో నిద్రపోతారు. లేపితే ఇల్లెగిరిపోతుంది. నేనొకమాట ముందే చెప్పి ఉంచితే… మాస్టారూ, మీరయినా చెప్పండి!"

మాస్టారు చెమటకి తడిసిన చొక్కా చూసుకున్నాడు. చెదిరిన జుట్టు వేళ్ళతో దువ్వుకున్నాడు. వెనక్కి తిరిగి, ఆమె ముఖాన్ని తీరిగ్గా ఒకసారి చూసుకున్నాడు.

"వాళ్ళ వీధి ఎడమవైపేనమ్మా," అన్నాడు. "అద్దం చూసుకుని ఇండికేటర్ వెయ్యి."